తెనాలి వర్సెస్ బ్రిస్టల్

తప్పు నాదే. గోంగూర పచ్చడి కలుపుకుంటున్న మనిషితో వాదన పెట్టుకోకూడదు.

బాబాయి తెనాలి నుంచి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. ఈ నాలుగు రోజుల్లో ఆయనకి ఇంగ్లండ్‌లోని మా బ్రిస్టల్‌లో నచ్చినవి రెండే: పాలు, పార్కులో బెంచీలు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎప్పటిలాగే తెనాలి పురాణం మొదలైంది.

"కృష్ణ ఎవరు? బుర్రిపాలెం. జగ్గయ్య? మోరంపూడి. గుమ్మడి? రావికంపాడు. శారద? సాక్షాత్తూ తెనాలి. ఏవీఎస్? తెనాలి. ఊరికే అన్నారా ఆంధ్రా ప్యారిస్ అని! మీ ఊళ్లో ఏముందిరా, వాన తప్ప?"

ఆ 'మీ ఊళ్లో' అన్న మాట ఎక్కడో కలుక్కుమంది. పదకొండేళ్లుగా కౌన్సిల్ టాక్స్ కడుతున్నాను ఈ ఊరికి. నోరు జారాను.

"క్యారీ గ్రాంట్ ఇక్కడివాడే బాబాయ్. మన ఇంటికి నాలుగు వీధుల అవతల పుట్టాడు."

బాబాయి ముద్ద ఆగిపోయింది. కాలేజీ రోజుల్లో బెజవాడ వెళ్లి ఇంగ్లీషు సినిమా చూసి, రాత్రి ప్యాసింజర్‌లో తిరిగొచ్చిన బ్యాచ్ ఆయనది. "హాలీవుడ్ క్యారీ గ్రాంటా? ఇక్కడా?"

అంతే. గ్యాసు బిల్లు కవరు తిరగేసి, మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు 'తె', కుడివైపు 'బ్రి' అని రాశాడు. మా ఆవిడ "మామయ్యగారూ, మజ్జిగ" అంది. వినిపించుకునే స్థితి దాటిపోయింది.

క్యారీ గ్రాంట్‌కి ఒక మార్కు పడింది. అసలు పేరు ఆర్చిబాల్డ్ లీచ్ అని, 1904లో హార్‌ఫీల్డ్‌లో పుట్టాడని చెప్పాను. "లీచ్ అంటే జలగ కదరా" అన్నాడు బాబాయి. స్పెల్లింగ్ వేరని చెప్పినా జాలి పోలేదు. "పోన్లే, పేరు మార్చుకుని మంచి పని చేశాడు. జలగ ఇంటిపేరుతో డ్యూయెట్లు పాడితే ఎవడు చూస్తాడు?"

తర్వాత నటుడు మైకేల్ రెడ్‌గ్రేవ్, 1908, బ్రిస్టల్. ఆయన కూతురు వెనెస్సా రెడ్‌గ్రేవ్‌ని కూడా కలుపుకోబోయాను. "ఆ అమ్మాయి ఎక్కడ పుట్టింది?" లండన్ అన్నాను. కొట్టేశాడు. "మరి మహేష్ బాబు మద్రాసులో పుట్టాడుగా, ఇందాక అటు వేసుకున్నారే?" అని అడిగాను. "అబ్బాయ్, మహేష్‌ది బుర్రిపాలెం రక్తం. రక్తం వేరు, రెడ్‌గ్రేవ్ వేరు" అన్నాడు. రూల్సు రాసే పెన్ను ఆయన చేతిలో ఉంది, నేనేం చేయను?

బుర్రిపాలెం చెల్లితే వెస్టన్ సూపర్ మేర్ కూడా చెల్లాలని పట్టుబట్టి హాస్యనటుడు జాన్ క్లీజ్‌ని లాక్కొచ్చాను. ఇరవై మైళ్ల దూరం. కాకపోతే చదివింది బ్రిస్టల్‌లో క్లిఫ్టన్ కాలేజీలో. చాలా బేరం జరిగాక ముప్పావు మార్కు ఇచ్చాడు. మట్టిబొమ్మల సినిమాలు తీసే ఆర్డ్‌మాన్ స్టూడియో ఈ ఊళ్లోనే ఉంది కదా అని నిక్ పార్క్ పేరు చెప్పాను. పుట్టింది ప్రెస్టన్ అని తేలగానే, "మద్రాసులో స్టూడియోలున్నాయని నాగేశ్వర్రావు మద్రాసువాడైపోతాడా?" అని అదీ పోయింది. ఆ స్టూడియో పెట్టినవాళ్లలో పీటర్ లార్డ్ మాత్రం ఇక్కడే పుట్టాడు కాబట్టి పరువు నిలబడింది. నటుడు స్టీఫెన్ మర్చంట్ ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలని చెబితే "ఫ్రేములో పడతాడా?" అన్నాడు. మెయిసీ విలియమ్స్, అదే 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో ఆర్యా, ఆ పిల్లకి మాత్రం మారుమాట్లాడకుండా మార్కు వేశాడు. ఆ సీరియల్‌ని ఆయన మా పిన్నికి తెలియకుండా చూశాడని నాకు అప్పుడే తెలిసింది. బీబీసీ జంతువుల సినిమాలు తీసే యూనిట్ 1957 నుంచీ ఇక్కడే ఉందన్నాను. "పెంగ్విన్లకి మార్కులుండవు" అన్నాడు.

అసలు రగడ డేవ్ ప్రౌజ్ దగ్గర జరిగింది.

1935లో బ్రిస్టల్‌లో పుట్టాడు. ఆరున్నర అడుగుల మనిషి, బరువులెత్తడంలో దేశానికే ఛాంపియన్. క్రిస్టఫర్ రీవ్ సూపర్‌మ్యాన్ వేషం వేసేముందు ఆయన చేత కండలు పెంచించింది ఈయనే. 1977లో 'స్టార్ వార్స్'లో నల్ల ముసుగు వేసుకుని, విలన్ డార్త్ వేడర్‌గా నడిచింది ఈయనే. సెట్లో డైలాగులన్నీ చెప్పాడు కూడా. ఎలా? మా పక్కింటి ముసలాయన తన టమాటా మొక్కల గురించి చెప్పే యాసలో. ఆ యాసలో లోకాన్ని నాశనం చేస్తానంటే ఎవరైనా "ముందు టీ తాగి వెళ్లు నాయనా" అంటారు. షూటింగ్‌లో 'డార్త్ ఫార్మర్' అని ఏడిపించారట. చివరికి జేమ్స్ అర్ల్ జోన్స్ అనే ఇంకో నటుడి గొంతు పెట్టేశారు. పోనీ మూడో సినిమాలో ముసుగు తీసినప్పుడైనా ముఖం కనిపించిందా అంటే, ముసుగు కింద సెబాస్టియన్ షా అనే ఇంకో నటుణ్ని చూపించారు. కత్తియుద్ధాలు చాలావరకు బాబ్ ఆండర్సన్ చేశాడు.

బాబాయి చేయి ఎండిపోయింది. "గొంతు ఒకడిది, మొహం ఇంకొకడిది, కత్తి మరొకడిది. మరి ఈయనది ఏంటిరా?"

"నడక."

"పాపం" అని కాసేపు ఊరుకుని, "మా జగ్గయ్యకి సరిగ్గా తిరగేసి చూడు. శివాజీ గణేశన్ తెలుగులో మాట్లాడాడంటే ఆ గొంతు ఎవరిది? మోరంపూడిది! మీరు ఒళ్లు పంపించారు, మేం గొంతు పంపించాం" అని ప్రౌజ్‌కి అర మార్కు వేశాడు. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్తలు చెప్పే ప్రభుత్వ ప్రకటనల్లో ఏళ్ల తరబడి పిల్లలకి కనిపించాడని, దానికే బిరుదు కూడా ఇచ్చారని చెబితే, ఇంకో పావు కలిపాడు. పిల్లల విషయంలో ఆయన మెత్తన.

మెత్తనని తెలిసే క్యారీ గ్రాంట్ తల్లి సంగతి కూడా చెప్పాను. కుర్రాడు స్కూల్ నుంచి వచ్చేసరికి తల్లి ఇంట్లో లేదు. సముద్రం ఒడ్డుకి వెళ్లిందన్నారు. తండ్రి ఆమెని ఈ ఊళ్లోనే పిచ్చాసుపత్రిలో పెట్టాడని, ఇంకా బతికే ఉందని అతనికి తెలిసేసరికి ముప్పై దాటాయి. అప్పటికి హాలీవుడ్ హీరో. ఆమె 1973లో పోయేదాకా చూడటానికి బ్రిస్టల్ వస్తూనే ఉండేవాడు.

బాబాయి కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "విగ్రహం ఏమైనా ఉందా? రేపు వెళ్లి దండం పెట్టుకొస్తా."

మర్నాడు నాకు ఆఫీసు. "ఒక్కణ్నే వెళ్తాలేరా, లండన్‌లో దిగి ఇక్కడికి రాలేదూ?" అన్నాడు. (లండన్‌లో దిగాక ఆయన్ని కారులో తెచ్చింది నేను.) గ్లోస్టర్ రోడ్డు మీద బస్సెక్కి, సెంటర్లో దిగి, మిలీనియం స్క్వేర్‌కి నడవమని చెప్పాను. కంచు విగ్రహం, దిమ్మ ఉండదు, నేల మీదే నిలబడి ఉంటాడు, మనిషంతే ఎత్తు. ఇంత వివరంగా చెప్పినవాణ్ని, ఆ స్క్వేర్‌లో అలాంటివి ఒకటి కాదు, నాలుగున్నాయని చెప్పలేదు. ఆయన కూడా నాకో ముక్క చెప్పలేదు: ఫొటోలో బాగోదని కళ్లజోడు ఇంట్లోనే వదిలేశాడు.

మొదటి ఫోన్ పదకొండింటికి.

"ఒరేయ్, వీళ్లు మర్యాదస్థులురా! బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ ఎక్కణ్నుంచి వచ్చారంది. ఇండియా అన్నాను. 'ఓ, ఇండియల్!' అంది. మన దేశానికి గారు పెట్టిందిరా!"

ఇక్కడ కాస్త ఆగాలి. బ్రిస్టల్ పాతతరం వాళ్లకి మాట చివర 'అ' వస్తే నాలుక ఊరుకోదు, ఒక 'ల్' తగిలిస్తుంది. ఐడియా ఐడియల్, ఏరియా ఏరియల్. పాత ఇంగ్లీషులో వంతెన ఉన్న చోటు అనే అర్థంతో బ్రిగ్‌స్టౌ అన్న ఊరు చివరికి బ్రిస్టల్ అయి కూర్చుంది కూడా ఆ 'ల్' వల్లేనంటారు. మనం బస్‌కి 'సు' తగిలించి బస్సు చేసుకోలేదూ, అలాంటిదే. ఇదంతా మీటింగ్ మధ్యలో గుసగుసగా ఎలా చెప్పను? "అవును బాబాయ్, గారే" అని పెట్టేశాను.

"ఇంకోటి. దిగేవాడల్లా డ్రైవర్‌తో 'చీర్స్ డ్రైవ్' అంటున్నాడు. డ్యూటీలో ఉన్నవాణ్ని తాగమంటారేంట్రా?" (ఇక్కడ చీర్స్ అంటే థాంక్స్.)

తర్వాత ఫోన్ హిప్పోడ్రోమ్ థియేటర్ ముందు నుంచి. ఆర్చీ లీచ్ కుర్రతనంలో లైట్ల దగ్గర పనిచేసిన హాలు అదేనని నేనే చెప్పాను. ఆ తర్వాత కాలేజ్ గ్రీన్ నుంచి. ఈసారి గొంతు గద్గదం. "రామ్మోహన్ రాయ్! శాలువా, తలపాగా, అచ్చం సోషల్ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాడురా!" ఆయన 1833లో ఈ ఊళ్లోనే పోయాడని, ఆర్నోస్ వేల్‌లో సమాధి ఉందని చెప్పాను. కవరు బయటికి తీసిన చప్పుడైంది. "బాబాయ్, ఆయన సినిమావాడు కాదు" అన్నాను. "తెలుసులేరా" అని మళ్లీ మడిచాడు.

మూడింటికి ఫోన్ వణకడం మొదలుపెట్టి ఆగలేదు. బాబాయి వాళ్ల మార్నింగ్ వాకింగ్ గ్రూపు. నన్ను కూడా అందులో చేర్చిన పాపం ఆయనదే. ఫొటో: బాబాయి, ఇస్త్రీ సఫారీలో, ఒక కంచు విగ్రహం భుజం మీద చెయ్యేసి. కింద: 'హాలీవుడ్ హీరో క్యారీ గ్రాంట్‌గారితో.'

విగ్రహానికి పదిహేడో శతాబ్దపు బట్టలు. అది విలియం పెన్. అమెరికాలో పెన్సిల్వేనియా స్థాపించిన పెద్దమనిషి.

తెనాలిలో రాత్రి టిఫిన్ల వేళ కాబట్టి అందరూ ఖాళీ. 'అదృష్టవంతులు.' 'హీరో కాస్త ఒళ్లు చేశాడు.' 'ఆ బట్టలేంటి?' అని ఎవరో అనుమానపడితే, వెంటనే ఇంకొకరు: 'చారిత్రకం గెటప్ అండీ. మన కృష్ణగారి అల్లూరి సీతారామరాజు లాగా.' దానికి పదహారు దండాలు.

ఆ వెంటనే మా చెల్లెలు దిగింది. బాబాయి కూతురు, ఉండేది ఫిలడెల్ఫియాలో. 'నాన్నా, ఈయన మా సిటీ హాల్ మీద ఉంటాడు. 37 అడుగుల విగ్రహం.'

హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. బాబాయి జవాబు వచ్చింది: 'చూశారా, అమెరికాలో కూడా పెట్టారు. 37 అడుగులు! అదీ మా అబ్బాయి వీధి మనిషి రేంజ్.'

పంటి నొప్పని చెప్పి ఆఫీసు నుంచి బయటపడ్డాను.

స్క్వేర్‌లో బాబాయి పెన్ పక్కన ఇంకా నిలబడే ఉన్నాడు, పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామలా. ఫొటో తీసిన ముసలాయన చాలా మంచివాడట. "'నైస్ కెమెరల్' అన్నాడురా. నా ఫోన్‌కి కూడా గారు! ఈయన ఫేమస్సేనా అని అడిగా. 'వెరీ ఫేమస్' అన్నాడు. ఇంకేం కావాలి?"

నిజం చెప్పాను. ఈయన పెన్ అని, సినిమాలు పుట్టకముందే పోయాడని, తండ్రిది బ్రిస్టలైనా ఈయన పుట్టింది లండన్‌లో అని. ఆఖరి ముక్కకే బాబాయి మొహం మాడింది. "అంటే రూల్సు ప్రకారం కూడా చెల్లడన్నమాట."

"పదండి, అసలాయన్ని చూపిస్తా."

"ఆగు, నా సంచి. అక్కడ ఒకాయనకి అప్పజెప్పా."

"ఎవరికి?"

"ఎవరో పెద్దమనిషి. సూటు వేసుకున్నాడు, చేతిలో ఏవో కాగితాలు. 'ప్లీజ్ అండీ, ఫైవ్ మినిట్స్' అని కాళ్ల దగ్గర పెట్టా. మాట్లాడలేదు కానీ మంచివాడు. గంట నుంచి అక్కడే నిలబడి ఉన్నాడు, కదల్లేదు. చూడు, ఇంకా ఉన్నాడు."

చూశాను. చక్కటి సూటు, చేతిలో సినిమా స్క్రిప్టు, కాళ్ల దగ్గర 'శ్రీ లక్ష్మీ వస్త్రాలయం' అని ఎర్రక్షరాలున్న గుడ్డసంచి, అందులోంచి పైకి కనిపిస్తున్న పులిహోర డబ్బా. 2001 నుంచీ ఆయన అక్కడ అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన చేతికి సంచి కాపలా మాత్రం ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

బాబాయి దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి, వేలితో ఆయన మోచేతి మీద టంగుమని కొట్టాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఈ ఊళ్లో యాస లేకుండా కనిపించింది ఈయనొక్కడే అనుకున్నాన్రా" అన్నాడు చివరికి. అని, సంచి తీసుకుని, వంగి నిజంగానే దండం పెట్టాడు. "సారీ అండీ. చాలాసేపు నిలబెట్టేశాను."

నా కళ్లజోడు పెట్టించి, పక్కన నిలబెట్టి ఫొటో తీశాను. రాత్రి గ్రూపులో పెట్టాడు. ఈసారి కింద ఏమీ రాయలేదు, సిగ్గేసి. పెన్ ఫొటోకి అప్పటికే నలభై మూడు దండాలు, రెండు హారతులు. దీనికి మర్నాడు పొద్దున దాకా ఎవరూ పలకలేదు. చివరికి ఒకాయన అడిగాడు: 'పక్కనున్నది మీ అబ్బాయిగారి మేనేజరా?'

బాబాయి చాలాసేపు టైపు చేశాడు, చెరిపాడు, మళ్లీ టైపు చేశాడు.

"ఏం రాశారు బాబాయ్?"

"అవునని పెట్టేశాన్రా."