యానిమేషన్ నేర్చుకోవడానికి ముందు కాగితం మడవండి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఎవరైనా పిల్లలు యానిమేషన్ నేర్చుకుంటామంటే పెద్దవాళ్లు చెప్పేది ఒక్కటే: హైదరాబాద్ పో, మంచి కంప్యూటర్ కొనుక్కో, కోర్సులో చేరు. ఈ సలహా నాకు నచ్చదు. వానాకాలంలో కత్తి పడవ మడిచే పిల్లల చేతుల్లో ఆ విద్య చాలావరకు అప్పటికే ఉంది.

మడతల పిచ్చి ఉన్నవాళ్లకు ఏ మడత తర్వాత బొమ్మ ఎటు తిరుగుతుందో ముందే కనిపిస్తుంది. జపాన్‌కు చెందిన అకిరా యోషిజావా ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో కొత్తవాళ్లకు జ్యామితి చెప్పడానికి మడతలే వాడాడు. 1954 నాటి ఆయన పుస్తకంలోని చుక్కల గీతలు, బాణం గుర్తుల పద్ధతితోనే ఇవాళ ప్రపంచమంతా ఓరిగామి, అంటే కాగితం మడిచి బొమ్మలు చేసే కళ, నేర్చుకుంటోంది. ఆ పేజీల్లో రెండు బొమ్మల మధ్య బాణం చూపించే కదలికనే యానిమేటర్ ఫ్రేములుగా, అంటే ఒకదాని తర్వాత ఒకటి వచ్చే కదలని బొమ్మలుగా, నింపుతాడు. లైకా స్టూడియో 2016లో తీసిన 'కూబో అండ్ ద టూ స్ట్రింగ్స్' అనే స్టాప్ మోషన్ సినిమాలో (బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఫొటోలు తీసి వరసగా ఆడించే పద్ధతి ఇది) పిల్లవాడు షామిసెన్ అనే జపాన్ తంతి వాయిద్యం మీటుతుంటే కాగితాలు వాటంతట అవే మడుచుకుని లేచి నిలబడతాయి, మడతలు తెలిసినవాళ్లు ఆ సీన్ చూసే తీరే వేరు.

ఇలాంటి సినిమా ఫోన్‌తోనే తీయొచ్చు. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో ఫొటోను రెండు ఫ్రేములు ఉంచితే 12 ఫొటోలు, అంటే నిమిషం సినిమాకు 720. ఫోన్ కదలకుండా నిలబెట్టాలి, ఫ్యాన్ ఆపాలి (మే నెలలో పాలమూరులో ఇది చిన్న కష్టం కాదు), ఎండ మారితే బొమ్మ మిణుకుమంటుంది కాబట్టి కిటికీ మూసి బల్బు వెలుతురులో తీయాలి. ఒకే గీత మీద పదేపదే మడిస్తే కాగితం చినుగుతుంది, అందుకే ఒక్కో పాత్రకు రెండు మూడు బొమ్మలు చేసి పెట్టుకోవాలి. పూర్తయిన కొంగను కొద్దికొద్దిగా విప్పుతూ ఫొటోలు తీసి వెనక నుంచి ఆడించండి, తెల్ల కాగితం తనంతట తానే కొంగ అవుతుంది.

నాకు అసలు ఆశ కథల మీద. కాగితం మీద ఒకసారి పడ్డ మడత ఎంత సాపు చేసినా పోదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినవాళ్ల సంగతి మనకు తెలుసు, మంచినీళ్లు వచ్చాక కూడా అప్పటికే వంగిన ఎముకలు తిరిగి నిటారు కావు. ఆ బాధను నున్నటి కంప్యూటర్ బొమ్మ కంటే మడతపడ్డ కాగితం బొమ్మే నిజంగా చెప్పగలదని నా నమ్మకం. ఆ సినిమాను ఆ ఊళ్ల పిల్లలే తీయాలి, బడిలో డ్రాయింగ్ పీరియడ్, సార్ ఫోన్ ఇస్తే మొదలుపెట్టొచ్చు.