శనివారం కూటం ఏమైంది?

మొన్నటి మన తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ జనరల్ బాడీకి వచ్చినవాళ్లకు నేను ఏ సంగతి ఎత్తబోతున్నానో ఈపాటికి తెలిసే ఉంటుంది. రానివాళ్ల కోసం చెబుతాను. లెక్కలు చదవడం అయింది, కొత్త కమిటీ పేర్లు అయ్యాయి. ముగింపు ప్రార్థనకు పాస్టర్ గారు లేవబోతుంటే వెనక వరసలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఇండియా నుంచి చదువుకోడానికి వచ్చి రెండేళ్లయిందట. కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌లో చాలామంది రాత్రిళ్లు ఒంటరిగా కుమిలిపోతున్నారని, ఇంటికి చేస్తే అమ్మానాన్నలు బెంగపడతారని ఫోన్ చెయ్యరని చెప్పింది. మనలో ఒక పదిమంది వంతులవారీగా రాత్రి ఫోన్ ఎత్తితే చాలంది. తెలుగులో నాలుగు మాటలు మాట్లాడటం, అవతలివాళ్లు సరేనంటే చిన్న ప్రార్థన చెయ్యడం, అంతే. డబ్బేమీ అడగలేదు. చేతిలో కాగితం మాత్రం వణుకుతోంది.

మన పెద్దాయన ఒకరు నవ్వుతూ, "మంచి ఆలోచనే తల్లీ. ముందు ఆ అన్నగారిని అడుగు, శనివారం కూటం ఏమైందో" అని నా వైపు చూపించారు. హాలంతా నవ్వింది.

నేనూ నవ్వాను. ఇదంతా రాస్తున్నది ఆ నవ్వు గురించే.

ఆ తర్వాత పెద్దాయన లూకా పద్నాలుగో అధ్యాయం ఎత్తారు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలి కదమ్మా అన్నారు. చివరికి "ప్రార్థనలో పెడదాం" అన్నారు. మన కమిటీల్లో ఆ మాటకు అర్థమేమిటో పాతవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి కూర్చుంది. మళ్లీ మాట్లాడలేదు.

కొత్తవాళ్లకు శనివారం కూటం కథ తెలియదు. పదకొండేళ్ల కిందట, పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ల కోసం నేను మొదలుపెట్టిన తెలుగు బైబిలు పఠనం అది. ఇంగ్లిషు ఆరాధనలో వాళ్లు లేవమంటే లేచి, కూర్చోమంటే కూర్చుని, రెండు గంటలు బొమ్మల్లా గడపడం చూస్తే మనసు ఊరుకోలేదు. ఊరుకోలేదు గానీ ధైర్యమూ రాలేదు. ఆరు నెలలు ప్రార్థన చేశాను. నిజం చెప్పాలంటే ఆ ఆరు నెలలూ ప్రార్థన చాటున దాక్కున్నాను. ఎవరూ రాకపోతే? వచ్చినవాళ్లు ప్రశ్నలు అడిగితే? నేను సెమినరీ మెట్లెక్కినవాణ్ణి కాదు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. చివరికి మా ఆవిడే, "ఎవరూ రాకపోతే మనిద్దరం చదువుకుని వద్దాం, పోయేదేముంది" అంది. లైబ్రరీలో ఒక గది అడిగి తాళం తీసుకున్నాను.

మొదటి శనివారం పద్నాలుగు మంది వచ్చారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఐదో వారానికి తొమ్మిది మంది. తర్వాత మంచు మొదలైంది. పెద్దవాళ్లను దింపడం, మళ్లీ తీసుకెళ్లడం పిల్లలకు కుదరలేదు, అది వాళ్ల తప్పు కాదు. కొందరికి తిరుగు టికెట్ తేదీలు వచ్చేశాయి. ఆఖరి ఏడు వారాలు ఒక్క పెద్దావిడే వచ్చేది. ఆవిడకు చూపు ఆనదు. నేను కీర్తనలు చదువుతుంటే కళ్లు మూసుకుని పెదాలు కదిపేది. తెలిసిన వచనం తగిలితే నాకంటే ముందే చెప్పేసేది. "ఇంకొక్కటి చదువు నాయనా" అనేది. ఆ ఒక్కటీ మూడయ్యేవి. ఒక శనివారం ఆవిడా రాలేదు. సాయంత్రం కొడుకు ఫోన్ చేసి "అమ్మ వెళ్లిపోయిందండీ" అన్నాడు. "ఇండియాకి" అని అతను అనేదాకా నా గుండె ఆగింది.

మరుసటి వారం తాళం తిరిగిచ్చేశాను. కూటం ఆగిపోయిందని ఫెలోషిప్‌లో ఎవరికీ చెప్పలేదు. నోటీసు బోర్డు మీద మా కాగితం ఇంకో ఏడాది అలాగే వేలాడింది. తీస్తుంటే ఎవరైనా చూస్తారేమోనని తీయలేదు. నా చదువు వల్ల ఆ పెద్దావిడకు ఏమైనా మేలు జరిగిందో లేదో నాకు తెలియదు. వెళ్లాక ఎలా ఉందో కనుక్కుందామని కూడా తోచలేదు. అప్పుడు నా బాధంతా నా కూటం గురించే.

అప్పట్నుంచీ మత్తయి పద్నాలుగో అధ్యాయం చదవాలంటే ఇబ్బంది. పేతురు పడవ దిగి నీళ్ల మీద నడిచి, గాలిని చూసి భయపడి, మునిగిపోబోయిన ఘట్టం. మన ప్రసంగాల్లో "అల్పవిశ్వాసీ" అన్న మాట దగ్గర గొంతులు లేస్తాయి. నేను చాలా ఏళ్లకు గమనించింది ముందువెనకలు. యేసు వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు, మందలింపు ఆ తర్వాత. పేతురు ఆ మాట విన్నది మునుగుతూ కాదు, ఆ చేతిని పట్టుకుని. ఇంకొకటి. తడిసి ముద్దయి పడవెక్కిన అతన్ని చూసి మిగతా శిష్యులు నవ్వారని మత్తయి రాయలేదు. వాళ్లు మొక్కారు.

యేసు నీళ్ల మీద నడవడం మార్కులోనూ ఉంది, యోహానులోనూ ఉంది. పేతురు దిగిన సంగతి మాత్రం మత్తయిలోనే ఉంది. పేతురు చెప్పగా విన్నవి మార్కు రాశాడని సంఘ సంప్రదాయం చెబుతుంది. అదే నిజమైతే పేతురుకు ఈ కథ చెప్పబుద్ధి కాలేదేమో అని నాకు అనిపిస్తుంది. నోటీసు బోర్డు మీద కాగితం తీయలేనివాడి ఊహ ఇది, పండితులు క్షమించాలి.

ఆ మార్కు కూడా తక్కువవాడు కాదు. సువార్త చెప్పడానికి పౌలు, బర్నబాలతో బయల్దేరి, పెర్గే అనే ఊరి దాకా వచ్చి, వాళ్లను వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. రెండోసారి అతన్ని తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. నా కథలో పెద్దాయన అన్నట్టే, మొన్న ఏమైందో చూశాంగా అన్నాడన్నమాట. ఈ ఒక్క మనిషి కోసం పౌలూ బర్నబా విడిపోయారు. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని కుప్ర ద్వీపానికి ఓడెక్కాడు. ఏళ్ల తర్వాత తిమోతికి రెండో పత్రిక రాస్తూ, మార్కును తీసుకురా, పరిచర్యకు నాకు పనికొస్తాడు అన్నది ఆ పౌలే. మధ్యలో పౌలు మనసు ఎలా మారిందో బైబిలు చెప్పదు. బర్నబా మాత్రం రెండో ప్రయాణం ఇచ్చాడు.

తలాంతుల ఉపమానం దగ్గర, అంటే యజమాని ముగ్గురు దాసులకు సొమ్ము అప్పగించి వెళ్లే కథ దగ్గర, నాకొక ఫిర్యాదుంది. ఒక తలాంతంటే 6,000 దేనారాలు, కూలిమనిషికి దాదాపు 20 ఏళ్ల రెక్కల కష్టం. దాన్ని భయపడి భూమిలో పాతిపెట్టిన దాసుడి లెక్క పైసా తేడా లేకుండా సరిపోయింది. అయినా మాటపడ్డది అతనే. ఐదు తీసుకున్నవాడు ఐదు సంపాదించాడు, రెండు తీసుకున్నవాడు రెండు. వ్యాపారం చేసి నష్టపోయిన దాసుడు మాత్రం ఆ ఉపమానంలో లేడు. నేను వెతికేది అతన్నే. ఉండి ఉంటే యజమాని అతనితో ఏమనేవాడో వినాలని ఉంది. పాతిపెట్టినవాడితో అన్న మాటలైతే అనేవాడు కాదని నా నమ్మకం.

మన తెలుగు క్రైస్తవులం గర్వంగా చెప్పుకునే లెక్క ఒకటుంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నదిలో, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. మిషనరీ జాన్ క్లౌ పేరు, ఈ అంకె మన సావనీర్లలో ఎన్నిసార్లు అచ్చయ్యాయో. అంతకు ముందు సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తాం. ఆ బాప్టిస్టు తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే అనే మిషనరీతో మొదలైంది. 1853 నాటికి ఫలితం చాలా స్వల్పమని, మూసేద్దామా అని అమెరికాలో సభ పెట్టి చర్చించారు. 1862లో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. పటంలో ఒంటరి చుక్కగా మిగిలినందుకు ఆ మిషన్‌కు లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అన్న పేరొచ్చింది. ఆరోగ్యం చెడి 1853లో తిరిగి వెళ్లిపోయిన డే 1871లో కన్నుమూశాడు. 2,222 ఆయన చూడలేదు. ఆయన్ని ఏ జనరల్ బాడీలో నిలబెట్టి, మిషన్ ఏమైందయ్యా అని అడిగినా చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. 1878 వచ్చింది కాబట్టి మనం ఆయన్ని క్షమించేశాం. రాకపోయి ఉంటే?

పెద్దాయన మాటల్లో న్యాయం లేదని నేననను. మొదట్లో ఈ ఫెలోషిప్‌ను నిలబెట్టినవాళ్లలో ఆయన ఒకరు. ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ల బరువంతా ముగ్గురు నలుగురి మీద పడటం ఆయన చాలాసార్లు చూశారు, నా బరువు కూడా అందులో ఉంది. పైగా రాత్రి ఫోన్ ఎత్తడం కీర్తనలు చదవడం లాంటిది కాదు. అవతలి పిల్లవాడు ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉంటే? మనవాళ్లు ప్రార్థన చేసి ఫోన్ పెట్టేస్తే సరిపోదు. ఏం అనకూడదో, వెంటనే ఎవరికి అప్పగించాలో తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోవాలి, అత్యవసర నంబర్లు దగ్గరుండాలి. లెక్క చూసుకోమంటే ఈ లెక్క చూసుకోమనే. ఇవి ఆ అమ్మాయిని అడగాల్సిన ప్రశ్నలు. మనం అడిగింది ఇవి కాదు, నా గురించి.

గోపురం వచనం ఇంటికెళ్లి మళ్లీ చదివాను. అది ఫెలోషిప్ కార్యక్రమాల గురించి కాదు, సమస్తం విడిచి యేసు వెంట నడవడానికి అయ్యే ఖర్చు గురించి. మొదలుపెట్టి ముగించలేనివాణ్ణి చూసి ఎగతాళి చేసేవాళ్లు కూడా ఆ వచనంలో ఉన్నారు. ఆ రోజు హాల్లో మనం వేసింది వాళ్ల వేషం. నాతో సహా. నా కూటాన్ని తీసుకెళ్లి ఒక ఆడపిల్ల ఆలోచన మీద సాక్షిగా నిలబెడుతుంటే, నలుగురిలో తేలిగ్గా బయటపడదామని నవ్వేశాను. పదకొండేళ్ల కిందట నేను భయపడ్డది సరిగ్గా ఆ నవ్వుకే. ఇప్పుడు అది నా నోట్లోంచే వచ్చింది.

కమిటీవారికి నా మనవి చిన్నది. వచ్చే నెల సమావేశంలో ఆ అమ్మాయి మాట మళ్లీ తీయండి. మూడు నెలలు గడువివ్వండి, శిక్షణకు ఎవరినైనా పిలవండి. ఆగిపోతే ఆగిపోయిందని సాక్ష్యాల సమయంలో నిలబడి చెప్పనివ్వండి. వీసా వచ్చింది, ఉద్యోగం వచ్చింది అన్న సాక్ష్యాలకు స్తోత్రం చెప్పే మనం, మొదలుపెట్టాను, సాగలేదు అన్నవాళ్లకు కూడా ఒకసారి చెప్పి చూద్దాం. కావాలంటే మొదట నేనే లేచి శనివారం కూటం గురించి మొత్తం చెబుతాను. పెద్దాయన ముందు వరసలో కూర్చుంటే నాకు ఇంకా సంతోషం.

ఆ అమ్మాయి వెళ్తూ తన కాగితం కుర్చీ మీద వదిలేసింది. అది నా దగ్గరుంది. స్కేలుతో పది గీతలు గీసి పెట్టుకుంది, పక్కన వారాల పేర్లు. బుధవారం పక్కన నా పేరు రాశాను. రాసిన దగ్గర్నుంచీ టెన్షన్‌గానే ఉంది. మిగతా తొమ్మిది గీతలూ ఖాళీ. కాగితం వచ్చే ఆదివారం నా బైబిల్లోనే ఉంటుంది, ఆరాధన అయ్యాక తలుపు దగ్గరే ఉంటాను.