గ్రంథాలయ సెస్సుకు ఒక పాత బిల్ కలెక్టరు రాసిన డిమాండ్ నోటీసు

మహారాజశ్రీ గ్రంథాలయ సెస్సు వారి సముఖమునకు,
చిరునామా: ఇంటి పన్ను రసీదు, కింది నుంచి రెండో గడి.

విషయం: తమరు మా ఇంటి నుంచి బయల్దేరి ఏళ్లు గడిచినా గ్రంథాలయానికి చేరకపోవుట గురించి.

అయ్యా,

ఈ 'తమరు', 'సముఖము' ఇక్కడితో ఆపేస్తాను. ఇరవై తొమ్మిదేళ్లు నిన్ను నా చేత్తో రాసినవాణ్ణి. కార్బన్ పేపరు పెట్టి, కింది కాపీకి కూడా దిగేలా బాల్‌పెన్ను ఒత్తి ఒత్తి రాస్తే మధ్యవేలు మీద కాయ కాసింది. ఇప్పటికీ ఉంది. అంత చనువు ఉంది కాబట్టి నువ్వనే అంటాను. ఏమీ అనుకోకు. అనుకున్నా నువ్వెక్కడున్నావో తెలియదు కాబట్టి నా దాకా రాదు.

నేను మున్సిపాలిటీలో బిల్ కలెక్టరుగా చేరి బిల్ కలెక్టరుగానే రిటైరయ్యాను. ఏ మున్సిపాలిటీ అని అడక్కు. పెన్షన్ తీసుకునేవాడికి ఊరి పేరు గుర్తుండదు.

సర్వీసంతా జనం నన్ను రకరకాలుగా తిట్టారు గానీ, నీ గురించి పనిగట్టుకుని అడిగింది ఒక్కావిడే. గుడి వెనక వీధిలో పెంకుటిల్లు. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. రసీదు చదివి వినిపించమంది. ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చాను. నీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపి, "ఈ ఎనిమిది రూపాయలేంటి నాయనా?" అంది.

"లైబ్రరీకమ్మా. వందకి ఎనిమిది."

"మా ఇంట్లో చదివేవాళ్లెవరూ లేరే!"

"చట్టమమ్మా. చదివినా కట్టాలి, చదవకపోయినా కట్టాలి."

కాసేపు ఆలోచించింది. కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కపెడుతూ, "సరేలే, చదివేవాడు పుడితే పనికొస్తుంది" అంది. రసీదు చించి ఇచ్చాను. ఆవిడ గురించి మళ్లీ చెబుతాను.

నీ జాతకం నాకంటే తెలిసినవాళ్లు తక్కువ. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం రూపాయి ఇంటి పన్ను మీద ఎనిమిది పైసలు నువ్వు. రాష్ట్రం రెండయ్యాక కూడా ఇటూ అటూ అదే రేటు. మీ చుట్టాల్లో తమిళనాడు ఆయన పది పైసలు, కర్ణాటక ఆయన ఆరు, కేరళ ఆయన ఐదు. కాబట్టి నువ్వు మరీ బీదింటి బిడ్డవేం కాదు. అర్ధ సంవత్సరానికి 1,500 రూపాయల పన్ను కట్టే మామూలు డాబా నుంచి కూడా ఏడాదికి 240 రూపాయలు నీ పేరున బయటికొస్తాయి. ఊళ్లో డాబాలు ఎన్నున్నాయో నన్నడుగు. ఒక్కోదాని మెట్లూ ఎక్కినవాణ్ణి.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. నువ్వు నీళ్ల పన్ను లాంటివాడివి కాదు. మున్సిపాలిటీ సొత్తువి కావు. మున్సిపాలిటీ నీకు బస్సు, అంతే. ఇంటింటి దగ్గరా ఎక్కించుకుని తీసుకెళ్లి జిల్లా గ్రంథాలయ సంస్థ గుమ్మంలో దింపాలి. ఉద్యోగుల జీతాలు ప్రభుత్వం చూసుకుంటుంది. పుస్తకాలు, పేపర్లు, అద్దె, కరెంటు బిల్లు, విరిగిన కుర్చీకి కొత్త కాలు, ఇవి నీ ఖాతా. బస్సెక్కడం దాకా నేను సాక్ష్యం. దిగడం ఎవరూ చూడలేదు.

నిన్నెవరో తినేశారని లైబ్రరీలో పెద్దమనుషులు అనుకుంటుంటారు. నేను ఒప్పుకోను. తినేసి ఉంటే హాయి. ఏసీబీకి ఫోన్ చేస్తే వచ్చి, నోట్లకు రంగు పూసి, పేపర్లో ఫొటో వేయించేవాళ్లు. నిన్నెవరూ తినలేదు. 'సర్దారు'. మార్చిలో డి.సి.బి. స్టేట్‌మెంటు, అంటే డిమాండు, వసూలు, బాకీల లెక్క, తయారవుతుంది. డిమాండులో నువ్వున్నావు, వసూలులో నువ్వున్నావు. డబ్బంతా జనరల్ ఫండ్లో పడుతుంది. పడ్డ వారంలోనే ఇంజినీరింగ్ సెక్షన్ నుంచి కబురు: హెడ్ వాటర్ వర్క్స్ దగ్గర మోటారు కాలింది. అది తీరేలోగా పారిశుధ్య కార్మికుల జీతాలు రెండు నెలలు ఆగాయి, చెత్త బండి కదలదు. అప్పుడు అకౌంటెంటు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి అంటాడు: "సెస్సు ఉంది కదా, సర్దుదాం. వచ్చే నెల ఇచ్చేద్దాం."

వచ్చే నెల అనేది ఎప్పుడూ వచ్చే నెలే కదా.

ఆయన్ని మాత్రం తప్పు పట్టగలనా? కుళాయి రాకపోతే ఆడవాళ్లు ఖాళీ బిందెలు పట్టుకుని రోడ్డెక్కుతారు. చెత్త ఎత్తకపోతే కమిషనరు గుమ్మంలో పోసిపోతారు. పుస్తకాలు రాలేదని ఖాళీ బీరువా ఎత్తుకుని రోడ్డెక్కినవాణ్ణి మాత్రం నా సర్వీసులో చూడలేదు. ఒకసారి, ఒకే ఒక్కసారి, గ్రంథాలయ సంస్థ ఛైర్మన్ ఒకాయన స్వయంగా వచ్చి నీకోసం మా ఆఫీసు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పుస్తకాలు చదివే మనిషి. ఆ రోజు కూడా చేతిలో ఒకటి ఉంది. టీ తెప్పించి ఇచ్చి పంపించాం. టీకి డబ్బులు నేనే వేశాను, అది మాత్రం రాసుకో.

ఛైర్మన్లందరూ అలా ఉండరులే. అది నామినేటెడ్ పోస్టు. టికెట్ రానివాళ్లను, వచ్చినా గెలవనివాళ్లను, జెండా మోసి మోసి భుజం పడిపోయినవాళ్లను ఓదార్చడానికి ప్రభుత్వాల దగ్గర ఉన్న కుర్చీల్లో ఇదొకటి. ఒకాయన ప్రమాణ స్వీకారానికి వెళ్లాను. ముందూ వెనకా కార్లు, శాలువాలు, గజమాల. మైకు అందుకుని "పుస్తకం హస్తభూషణం" అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. ఆయన వేళ్లన్నీ అప్పటికే ఉంగరాలతో నిండిపోయి ఉన్నాయి గనక పుస్తకానికి చోటు చాల్లేదు. తర్వాత ప్రభుత్వం మారింది, ఆయన రాజీనామా చేశాడు. ఆ కుర్చీలో ఒక ఆఫీసరు పర్సన్ ఇన్‌ఛార్జిగా వచ్చాడు. ఆయన ఇన్‌ఛార్జీల్లో అది ఎన్నోదో ఆయన క్యాంపు క్లర్కుకి కూడా లెక్క తెలియదు.

ఇక నువ్వు చేరాల్సిన చోటు సంగతి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ "కాస్త అలా వెళ్లి రండి" అంటుంటే అలా వెళ్లే చోటు అదొక్కటే అయింది. శాఖా గ్రంథాలయం. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. లైబ్రేరియనమ్మాయికి మూడు ఊళ్ల ఇన్‌ఛార్జి. మంగళవారం, శనివారం మాకు దర్శనం. మిగతా రోజుల్లో పార్ట్‌టైమ్ కుర్రాడు తలుపు తీసి, పేపర్లు పరిచి, తన డీఎస్సీ గైడు తెరుచుకుంటాడు. పేపర్ల ఏజెంటుకు నాలుగు నెలల బాకీ పడితే ఆయన మానేశాడు. ఇప్పుడు రెండు పేపర్లు లైబ్రేరియనమ్మాయి సొంత డబ్బుతో వేయిస్తోంది. ఒక పేపరును ఐదుగురు పెద్దవాళ్లు పేజీలు విడదీసి పంచుకుంటాం. నాకెప్పుడూ క్లాసిఫైడ్సే వస్తాయి. ఊళ్లో ఏ స్థలం ఎంతకు అమ్ముతున్నారో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, దేశంలో ఏం జరుగుతోందో మాత్రం తెలియదు.

వానాకాలంలో సాహిత్యం బీరువా మీద కారుతుంది. దాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపాం. కారడం కూడా జరిగి వచ్చింది. ఒకరోజు ఆ అమ్మాయి యాక్సెషన్ రిజిస్టరు చూపించింది. కొత్త పుస్తకం వస్తే నంబరు వేసి ఎక్కించే పెద్ద పుస్తకం. ఆఖరి ఎంట్రీ పక్కన తేదీ చూసి, "ఏమ్మా, ఆ తర్వాత తెలుగులో ఎవరూ పుస్తకాలు రాయలేదా?" అన్నాను.

"రాశారు బాబాయ్ గారూ. సెస్సు రాలేదు."

ఆ మాట నన్ను చూసే అందో, మామూలుగానే అందో తెలియలేదు. కళ్లజోడు తుడుచుకున్నాను.

ఇప్పుడక్కడ నిజంగా చదివేది పిల్లలు. గ్రూప్స్, కానిస్టేబుల్, బ్యాంకు. పన్నెండు కుర్చీలు, నలభై మంది. గైడ్లు వాళ్లవే, నీళ్ల సీసాలు వాళ్లవే. గవర్నమెంటు ఇచ్చేది ఫ్యాను గాలి, అదీ ఒకటో నంబరులోనే. ఒక కుర్రాడు ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, ఎవరూ పట్టుకుపోకుండా వెనకాల మార్కర్‌తో ఇంటి నంబరు రాసుకున్నాడు. మనుషుల పేర్లు మర్చిపోతాను గానీ ఇంటి నంబర్లు మర్చిపోను. గుడి వెనక వీధి, పెంకుటిల్లు. చింతపండావిడ మనవడు. చదివేవాడు పుట్టాడు. గ్రూప్-2కి చదువుతున్నాడు. కూర్చోడానికి కుర్చీ కూడా వాళ్ల నాయనమ్మే కొనాల్సి వచ్చింది.

నిన్ను దెప్పడానికి ఇంకొకటి కూడా చదివాను, ఆ కారే బీరువాలోనే. నువ్వు పుట్టకముందు సంగతి. 1901లో హైదరాబాదులో, నిజాం ఏలుబడిలో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం లేచింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారు, మరికొందరు కలిసి ఊరూరి గ్రంథాలయాలకూ ఒక సంఘం పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారైతే కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి పెదవడ్లపూడికీ కొల్లిపరకూ మధ్య తిప్పారు. పడవ ప్రయాణమంటే నత్త నడక కదా, ఎక్కినవాడికి తోచదు, చేతిలో పుస్తకం పెడితే చదువుతాడు. ఎంత తెలివి! అప్పట్లో మా ఊరి లాంటి చోట్ల కూడా ఎవరో ఒకరు చావడి ఇచ్చారు, ఎవరో బీరువా ఇచ్చారు, ఎవరో కిరసనాయిలు పోశారు. ఇలా ఎంతకాలం చెయ్యి చాస్తారు, గ్రంథాలయానికి సొంత రాబడి ఉండాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి లాంటివాళ్లు పూనుకుంటే 1948 మద్రాసు చట్టంతో నువ్వు ఆంధ్ర జిల్లాల్లో అడుగు పెట్టావు. మంచికే వచ్చావు. కానీ నువ్వు వచ్చావని తెలియగానే చందాలిచ్చేవాళ్లు జేబు గుండీ పెట్టేసుకున్నారు. ఇప్పుడు వెళ్లి అడిగితే, "పన్నులో కడుతున్నాంగా" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కట్టించుకుంది నేనే.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. కిందటేడు ముగ్గుల పోటీ పెట్టారు. మొదటి బహుమతి స్టీలు టిఫిన్ క్యారియరు, రెండోది ప్లాస్టిక్ డబ్బాల సెట్టు. ఫ్లెక్సీ మీద పదకొండు మంది ఫొటోలు, కింది మూలన తెరిచిన పుస్తకం బొమ్మ ఒకటి. ఆ ఏడాది మా లైబ్రరీకి వచ్చిన కొత్త పుస్తకం అదే. వారం అయ్యాక ఆ ఫ్లెక్సీని సాహిత్యం బీరువా మీద కప్పాం. ఆ వానాకాలం పుస్తకాలు తడవలేదు. కాబట్టి వారోత్సవాల వల్ల ప్రయోజనం లేదని ఎవరన్నా అంటే నేను ఊరుకోను.

మొన్న ఉండబట్టలేక సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. సెస్సు ఎంత వసూలైంది, ఎంత పంపారు? కౌంటరులో ఉన్నవాడు నేను పని నేర్పిన కుర్రాడే. "గురువుగారూ, మీకెందుకండీ ఈ టెన్షన్, బీపీ ఉంది కదా మీకు" అన్నాడు, ప్రేమగానే. గడువు దాటిన తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. వసూలైన అంకె పైసలతో సహా ఉంది. పంపిన అంకె ఉండాల్సిన చోట ఒక వాక్యం: "నిధుల లభ్యతను బట్టి దశలవారీగా జమ చేయబడును."

ఆ వాక్యం చూసి నవ్వొచ్చింది. రెవెన్యూ సెక్షన్లో డిప్యుటేషన్ మీద కూర్చున్న ఏడాది, గ్రంథాలయ సంస్థ నుంచి వచ్చిన మూడు ఉత్తరాలకు మూడుసార్లూ ఆ వాక్యమే రాసిపెట్టాను. 'దశలవారీగా' అన్న మాట నేను కలిపిందే. నేను రిటైరైనా అది సర్వీసులోనే ఉంది.

అందుచేత, ఓ ఎనిమిది పైసలూ, నాకు తెలిసిన భాషలో రాస్తున్నాను. ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లోగా బకాయిలతో సహా నువ్వు శాఖా గ్రంథాలయానికి హాజరు కావలెను. కాని పక్షంలో జప్తు అని రాయాలి. రాసే చెయ్యి ఆగడం లేదు గానీ జప్తు చేయడానికి నీకేముంది? ఉన్నదల్లా మోటారులో ఉంది, చెత్త బండి డీజిల్లో ఉంది, మా ఇళ్లలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో ఉంది. అవి మేం తాగేశాం.

వస్తే పొద్దున ఎనిమిది తర్వాత రా, పదకొండు దాటితే తాళం. నీ కుర్చీ నువ్వే తెచ్చుకో. వాన పడేలా ఉంటే గొడుగు కూడా. శుక్రవారం మాత్రం రాకు, ఆ రోజు సెలవు.

ఇట్లు,
ఒక బిల్ కలెక్టరు (రిటైర్డ్)

జతపరచినవి: ఈ ఏటి ఇంటి పన్ను రసీదు జిరాక్సు, ఒకటి. ఏప్రిల్లోనే కట్టాను, ఐదు శాతం రిబేటు వచ్చింది.