147 లో ఆ ఏడు ఎక్కడికి పోయింది?

షేర్లూ డాలర్లూ ట్రేడ్ చేసే మా బావ దృష్టిలో ప్రపంచంలో ఏదీ ఊరికే జరగదు. రాగి ధర తగ్గితే సిగ్నల్, ఓడరేవులో కంటైనర్లు ఆగితే సిగ్నల్, కలప రేటు పెరిగితే ఇంకా పెద్ద సిగ్నల్, ఎందుకంటే ఎవరో ఎక్కడో ఇళ్లు కడుతున్నారన్నమాట. అక్కకి జ్వరమొస్తే థర్మామీటర్ ఎక్కడుందో తెలీదు గానీ ఏ దేశం పీఎంఐ (కంపెనీల వ్యాపారం పెరుగుతోందా తగ్గుతోందా చెప్పే సూచీ, 50 దాటితే పెరుగుతున్నట్టు) 50 దాటిందో ఏది దాటలేదో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

ఆయన దగ్గర ఒక గొలుసు ఉంది. ఉద్యోగాలు పెరిగితే జీతాలు పెరుగుతాయి, జీతాలు పెరిగితే ధరలు పెరుగుతాయి, ధరలు పెరిగితే అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ తగ్గించదు, తగ్గించకపోతే డాలర్ లేస్తుంది జపాన్ యెన్ పడుతుంది, ఇంటి లోన్లు దిగిరావు, ఇళ్లు కట్టే కంపెనీల షేర్లు పడతాయి. అంటే ఒక్క నంబర్ చూసి మూడు ట్రేడ్లు వేసుకోవచ్చు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఇందులో పెద్ద తప్పు కూడా ఏం లేదు, పుస్తకాల్లో ఉన్నదే. కాకపోతే ఆ పుస్తకం మార్కెట్ మనకంటే ముందే చదివేసి కూర్చుంటుంది. నంబర్ ఎంత వచ్చిందనేది దానికి అనవసరం, అందరూ అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఎంత అన్నదే దానికి కావాలి. ఈ మాట బావకి చెప్తే "నాకు తెలీదా" అంటాడు. తెలుసు కూడా, అదే బాధ.

2023లో అయితే గొలుసు మధ్యలోనే పుటుక్కున తెగింది. అమెరికాలో 30 ఏళ్ల ఇంటి లోను వడ్డీ అక్టోబర్‌కల్లా 7.79 శాతానికి చేరింది, ఇంక ఇళ్లెవరు కొంటారు అని బావ ఇళ్లు కట్టే కంపెనీల షేర్లు షార్ట్ చేసుకుని, అంటే పడితేనే లాభం వచ్చేలా పందెం కాసి, నిశ్చింతగా కూర్చున్నాడు. షేర్లు మాత్రం ఆ ఏడాది బ్రహ్మాండంగా పెరిగాయి. జరిగిందేంటంటే పాత ఇళ్లున్నవాళ్లంతా ఎప్పుడో మూడు శాతానికి లోను తీసుకుని హాయిగా ఉన్నారు, ఆ లోను వదిలేసి కొత్తది తీసుకోడానికి వాళ్లకేమన్నా పిచ్చా, అందుకని ఎవరూ అమ్మలేదు, అమ్మకానికి పాత ఇళ్లే కరువైపోతే కొనేవాళ్లు కొత్త ఇళ్ల మీద పడ్డారు, పైగా ఆ కంపెనీలే వడ్డీ భారం కొంత భరించి మరీ అమ్మాయి. ఇదంతా బావే నాకు గంటసేపు అద్భుతంగా వివరించాడు. నష్టం బుక్ చేశాక.

సరే, అసలు సంగతి 2025 ఆగస్టు 1, శుక్రవారం. అమెరికా ఉద్యోగాల రిపోర్టు వచ్చే రోజు, న్యూయార్క్ టైము ప్రకారం పొద్దున 8:30 కి. దానికి రెండ్రోజుల ముందే ఫెడ్ వడ్డీని 4.25 - 4.50 దగ్గరే ఉంచేసింది, ఉద్యోగాలు గట్టిగానే ఉన్నాయన్నట్టు అప్పటి ఫెడ్ చైర్మన్ పవెల్ మాట్లాడాడు, దాంతో బావ ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఈ ఎకనమిక్ క్యాలెండర్లలో మూడు గడులుంటాయి కదా, యాక్చువల్, ఫోర్‌కాస్ట్, ప్రీవియస్ అని, అంటే వచ్చిన నంబర్, అందరూ అనుకున్న నంబర్, పోయిన నెల నంబర్. టైము అయ్యేదాకా యాక్చువల్ గడి ఖాళీగా ఉంటుంది. బావది డబ్బులు కట్టని యాప్, అప్డేట్ అవ్వడానికి దానికి కాస్త ఓపిక కావాలి, పైగా ఈయన స్క్రీన్ పైకి తోసేసరికి గడుల పేర్లు పైన ఎక్కడో మాయమయ్యాయి. మిగిలిందల్లా రెండు అంకెలు. ఒకటి లక్ష పైచిలుకు, రెండోది 1,47,000.

"చూశావురా, అదరగొట్టింది!" అన్నాడు నాతో. అన్నాడో లేదో డాలర్ కొనేశాడు, యెన్ అమ్మేశాడు, ఇళ్ల షేర్లు మళ్లీ షార్ట్. గొలుసు మొత్తం ఒక్క ఊపులో. ఆ 1,47,000 జూన్ నెలదని, జూలై నంబర్ ఇంకా ఫోన్ దాకా రానే లేదని ఆయనకి తట్టలేదు.

డాలర్ దభేల్మని పడింది. బావ మొదట మార్కెట్‌కే పొరపాటు జరిగిందనుకున్నాడు, తర్వాత యాప్‌కి జరిగిందనుకున్నాడు, రిఫ్రెష్ కొట్టాడు. అప్పుడొచ్చింది యాక్చువల్, 73,000. సరే అది అర్థమైంది. కానీ పక్కన ఇందాక 1,47,000 ఉన్నచోట ఇప్పుడు 14,000 ఉంది. "ఒరేయ్, ఇందులో ఏడు ఏమైపోయింది?" స్క్రీన్ సరిగ్గా పట్టలేదేమో అని వేలితో పక్కకి జరిపాడు, ఫోన్ అడ్డంగా తిప్పాడు, నా ఫోన్‌లో కూడా చూశాడు.

ఏడు ఎక్కడికీ పోలేదండీ, జూన్ లెక్కే మార్చేశారు. కార్మిక గణాంకాల బ్యూరో నెలనెలా లక్షకు పైగా సంస్థల్ని అడుగుతుంది, అందరూ టైముకి జవాబివ్వరు, ఆలస్యంగా వచ్చినవి కలిపి ముందు రెండు నెలల లెక్కా సరిచేస్తారు, అది మామూలే. ఆ రోజు మాత్రం మే, జూన్ రెండూ కలిపి 2,58,000 ఉద్యోగాలు తీసేశారు. అంటే మా బావ తప్పు గడిలో చదివిన నంబర్ కూడా ఆ గడిలో ఉండాల్సిన నంబర్ కాదు! ఇంత పక్కాగా తప్పు చేయాలంటే కూడా టాలెంట్ ఉండాలి.

అంతకుముందు డాలర్‌కి 150 యెన్‌ల పైన ఉన్న రేటు రోజు ముగిసేసరికి 148 కిందకొచ్చింది. స్టాప్ లాస్, అంటే నష్టం ఇంత దాటితే ట్రేడ్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు, పెట్టాడా అని అడిగితే "నమ్మకం ఉన్న ట్రేడ్‌కి పెట్టను" అన్నాడు. ఇళ్ల షేర్ల సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ రోజు ఆ నంబర్ల మీద కోపం వచ్చింది బావ ఒక్కడికే కాదు లెండి, ప్రెసిడెంట్ ట్రంప్ అదే రోజు ఆ బ్యూరో కమిషనర్‌ని తీసేశాడు. వార్త చూసి బావ కాసేపు చాలా తృప్తిగా కనిపించాడు. ఆవిడని తీసేసినా యెన్ మాత్రం వెనక్కి రాలేదు.

తర్వాత అక్టోబర్ 1 నుంచి అమెరికా ప్రభుత్వం 43 రోజులు మూతపడింది. ఆ నెల మూడో తారీఖున రావాల్సిన ఉద్యోగాల రిపోర్టు రాలేదు, వచ్చేసరికి నవంబర్ 20 అయింది. బావకి కాళ్లూ చేతులూ ఆడలేదు, డేటా లేకుండా ట్రేడ్ ఎలా వేస్తాం, గుడ్డిగా దూకుతామా అంటూ ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. ప్రైవేటు సంస్థల లెక్కలున్నాయి కదా అంటే "అవి నమ్మలేం" అన్నాడు. అలా ఒక్క ట్రేడూ పడలేదు.

నెలాఖర్న అక్క స్టేట్‌మెంట్ తెరిచింది. కింద బ్యాలెన్స్ చూసి పైకెళ్లింది, మళ్లీ కిందకొచ్చింది. పోయిన నెల ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది, పైసా తగ్గలేదు. కళ్లజోడు తీసి బావ వైపు చూసింది.

"ఏమండీ, ఆ ప్రభుత్వం మళ్లీ ఎప్పుడు మూస్తారో, దానికేమన్నా సిగ్నల్ ఉంటే చూసి పెట్టండి."