పంచదార మానేసిన ఇల్లు

మన ఇళ్ళల్లో పంచదార మానేసినవాళ్ళు రోజురోజుకీ పెరుగుతున్నారు. ఎంతో హర్షించదగ్గ పరిణామం. మరి బరువు తగ్గలేదేమని అడిగే గిట్టనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

మానేయడం టీతో మొదలవుతుంది. హోటల్లో పక్క టేబుల్‌కి వినబడేలా "నాకు వితవుట్" అని చెప్పాలి. ఆ టీ ఉత్తిగా గొంతు దిగదు కాబట్టి రెండు ఉస్మానియా బిస్కెట్లు. అందులో పంచదార లేదా అంటే, ఉంది. కానీ అది కలిపింది బేకరీవాడు. మనం మానింది మనం కలుపుకునేది.

ఇక బెల్లం. తెల్లగా పుట్టిన పాపానికి పంచదార దోషి అయింది, రంగు తేలిన పుణ్యానికి బెల్లం బయటపడింది. ఆ దెబ్బతో అరిసెలు, బూరెలు, పరమాన్నం రాత్రికి రాత్రే ఆరోగ్యాహారం అయిపోయాయి. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకులే తీసుకోండి. నెయ్యి రాసిన రేకు మీద పంచదార పొడి చల్లితే "అమ్మో, ఒక్కటి చాలు" అంటాం. బెల్లం పొడి చల్లి, నాలుగు జీడిపప్పు పలుకులు వేసి మడిస్తే డబ్బా అడుగు కనబడేదాకా మూత పెట్టం. బెల్లంలో ఐరన్ ఉంటుందండీ మరి! ఆ కాస్త ఐరన్ వెంట బోలెడు సుక్రోజ్, అంటే సాక్షాత్తూ ఆ పంచదారే, కూడా వస్తుంది. వచ్చిన చుట్టాన్ని పొమ్మనడం మన ఇంటావంటా లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళు 2015లో ఒక లెక్క చెప్పారు. విడి చక్కెరలు, అంటే విడిగా కలుపుకునే తీపి, రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు లోపే ఉండాలట, వీలైతే అందులో సగమేనట. అంటే సుమారు ఆరు చెంచాలు. పోనీ అనుకుంటే, తేనెనీ పండ్ల రసాన్నీ కూడా అదే గాటన కట్టేశారు. జెనీవాలో కూర్చున్నవాళ్ళకి సంక్రాంతి ఏం తెలుస్తుందిలే అని సరిపెట్టుకుందామా? తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ కూడా తగ్గించమనే అంటోంది. సొంతవాళ్ళే ఇలా మాట్లాడితే ఎవరితో చెప్పుకుంటాం.

పెళ్ళి భోజనాల దగ్గర మాత్రం మనవాళ్ళు శాస్త్రాన్నే మించిపోయారు. బయల్దేరే ముందే అర షుగర్ టాబ్లెట్ ఎక్కువ వేసుకుని వస్తారు.

"ఏవండీ, మీకు స్వీట్లు వద్దన్నారు కదా!"

"బెల్లం జాంగ్రీటనే. పైగా టాబ్లెట్ వేసుకున్నా."

ఆవిడ దగ్గర దీనికి జవాబు ఉండదు. డాక్టరు దగ్గర ఉంటుంది గానీ, ఆయన్ని పెళ్ళికి పిలవలేదు.

ఇదివరకు ఫాస్టింగ్ టెస్టుకి ముందు రెండు రోజులు నిష్ఠగా ఉంటే రిపోర్టు కాస్త మన మాట వినేది. ఇప్పుడు హెచ్‌బీఏ1సీ అని, వెనకటి రెండు మూడు నెలల సగటు మొత్తం తవ్వి తీసే పరీక్ష పట్టుకొచ్చారు. ఏ రోజు ఏం తిన్నామో ఇంట్లోవాళ్ళే అడగరు, ల్యాబువాళ్ళకెందుకండీ? ప్రతి పండగ తర్వాతా మూడు నెలలు డాక్టర్లు ఈ పరీక్ష రాయకూడదని ప్రభుత్వం వెంటనే జీవో ఇవ్వాలి. సంక్రాంతి, ఉగాది, శ్రావణం, దసరా, దీపావళి తీసేసి లెక్క వేస్తే ఆషాఢం ఒక్కటి ఖాళీగా మిగులుతుంది. అప్పుడు రాయమనండి, చేయించుకుంటాం. మామిడిపళ్ళు పూర్తిగా అయిపోయాయో లేదో ఒకసారి చూసుకుని.