తుంగను కలుపు అని వదిలేయొద్దు

అడవి తుంగ జాతుల్లోని జన్యు వైవిధ్యం కొత్త వంగడాలకు పనికొస్తుందన్న వ్యాసం చాలా బాగుంది. ఒక్క మాట. తుంగ ఎక్కువగా గడ్డలతోనే పాకుతుంది. తవ్వితే దారానికి పూసలు గుచ్చినట్టు నల్లటి గడ్డలు వరసగా వస్తాయి, కోస్తే లోపల తెల్లగా, ఘాటైన వాసన. అంటే మడి నిండా ఉన్నది ఒకే మొక్క నకళ్లు కావచ్చు. అందుకే వైవిధ్యం కావాలంటే నమూనాలు వేర్వేరు చెరువు గట్ల నుంచి తేవాలి. హైదరాబాద్ పక్కనున్న మన అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ హోదా వచ్చింది. కానీ మిగతా చోట్ల తుంగ పెరిగే గట్ల పక్కన మట్టి పోసేస్తుంటే కడుపు మండుతోంది. అడవి కంది ఉండబట్టే పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ హైబ్రిడ్ కంది తేగలిగింది. తుంగను వరితో సంకరం చేయలేం, నిజమే. కానీ స్పెయిన్‌లో గడ్డల కోసం పండించే తుంగ ఉంది, మన చాపలల్లే తుంగ ఉంది. ముందు వాటి అడవి చుట్టాలను సేకరించండి.