ఆయుధాలకు లేని హద్దు వంతెనలకు ఎందుకు?

2021 డిసెంబరులో జర్మనీలోని లూడెన్‌షైడ్ పట్టణం దగ్గర రామెడె లోయ మీది వంతెనను అధికారులు ఉన్నపళంగా మూసేశారు. 1960లలో కట్టిన ఆ వంతెన నేటి భారీ లారీల బరువు మోయలేకపోయింది. డార్ట్‌మండ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వైపు వెళ్లే ఏ45 రహదారి అక్కడ తెగిపోవడంతో లారీలు ఆ ఊరి వీధుల్లోకి, ఇళ్ల గుమ్మాల ముందుకు మళ్లాయి. 2023 మేలో వంతెనను పేల్చి కూల్చేశారు.

ఇలాంటి వంతెనలను బాగుచేయడానికి అప్పు తేవాలన్నా అక్కడ హద్దు ఉంది. అప్పు చేసి పప్పుకూడు తినరాదన్న నీతిని జర్మనీ 2009లో ఏకంగా రాజ్యాంగంలోకి ఎక్కించింది. కేంద్ర ప్రభుత్వ నిర్మాణాత్మక లోటు (ఆర్థిక ఒడిదుడుకుల ప్రభావం తీసేశాక మిగిలే లోటు) జీడీపీలో 0.35 శాతం మించకూడదు. జర్మన్‌లో అప్పుకూ తప్పుకూ ‘షుల్డ్’ అనే ఒకే మాట ఉందని గుర్తుంచుకుంటే, ఈ నిబంధన అక్కడ ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది. 2025 మార్చి 18న పార్లమెంటు 513–207 ఓట్లతో దాన్ని సడలించింది. జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ వ్యయం కోసం చేసే అప్పుకు ఇక పరిమితి లేదు. రోడ్లు, రైళ్లు, వంతెనల వంటి మౌలిక వసతులకు మాత్రం 12 ఏళ్లకు 50 వేల కోట్ల యూరోలని గిరి గీశారు.

ఈ తేడాయే నాకు మింగుడుపడటం లేదు. ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తాక, అమెరికా అండపై నమ్మకం సడలాక, యూరప్ సాయుధం కావలసిందేనన్న వాదనతో నాకు పేచీ లేదు. ఐరోపా తూర్పు అంచున ఉన్న లిథువేనియాలో సుమారు 5 వేల మందితో శాశ్వత సైనిక దళాన్ని (బ్రిగేడ్) నిలపాలన్న జర్మనీ నిర్ణయమూ సరైనదే. కానీ 60 టన్నులు దాటిన జర్మన్ లెపర్డ్ యుద్ధ ట్యాంకు తూర్పు సరిహద్దుకు చేరాలన్నా గట్టి వంతెనలు, రైలు మార్గాలే దిక్కు. 2025 జూన్‌లో హేగ్‌లో నాటో సైనిక కూటమి పెట్టుకున్న, జీడీపీలో 5 శాతం రక్షణ వ్యయ లక్ష్యంలోనూ 1.5 శాతం మౌలిక వసతుల వంటి వాటికే కేటాయించారు. వంతెన కూడా రక్షణేనని నాటో ఒప్పుకున్నప్పుడు జర్మన్ రాజ్యాంగం ఒప్పుకోకపోవడం పొరపాటు.

మరో చిక్కు ఇంతకన్నా పెద్దది. జర్మనీకి అప్పు పుడుతుంది. జీడీపీలో 130 శాతానికి పైగా రుణభారమున్న ఇటలీకి ఆ వెసులుబాటు లేదు. ఆయుధాల కొనుగోలుకు ఐరోపా సమాఖ్య ప్రకటించిన 15 వేల కోట్ల యూరోలు కూడా రుణాలే, తీసుకున్న దేశమే తీర్చాలి. 2020లో కోవిడ్ కోసం ఉమ్మడిగా అప్పు తెచ్చి, అందులో కొంత సభ్యదేశాలకు తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటుగా ఇచ్చిన సమాఖ్య, ఉమ్మడి సరిహద్దు కోసం ఆ పని చేయడానికి వెనకాడుతోంది.